గ్లాసు తడవకుండా విద్యుద్విశ్లేషణ

మాస్టారూ, ఉద్యోగంలో కొత్తగా చేరారు. బీఎడ్‌లో చెప్పిన సంగతులు ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చూసి తెలుసుకోవాలి లాంటి మాటలు ట్రైనింగులో వినడానికి బాగానే ఉంటాయి. పదో తరగతి ఫిజికల్ సైన్సులో విద్యుద్విశ్లేషణ దగ్గరికి వచ్చేసరికి అవి మీ చేత ఏ అఘాయిత్యం చేయిస్తాయోనన్న బెంగతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. వీటిని పాటిస్తే నీళ్లు, తీగలు, బ్యాటరీ ఏవీ తరగతి గది గడప తొక్కవు. పాఠం పూర్తవుతుంది, సిలబస్ రిజిస్టరులో టిక్కు పడుతుంది.

ముందు బొమ్మ సంగతి. ఈ పాఠమంటే బొమ్మే. ఒక పాత్ర, అందులో రెండు కడ్డీలు, వాటి మీద బోర్లించిన రెండు పరీక్షనాళికలు, కింద బ్యాటరీ గుర్తు. పెన్సిలుతోనే గీయాలి, గీతలు స్కేలుతో కొట్టాలి, భాగాల పేర్లు కుడివైపునే రాయాలి. రెండు నాళికల్లోనూ వాయువు మట్టం సరిసమానంగా గీయించండి. చూడముచ్చటగా ఉంటుంది, పేపర్లు దిద్దేవాళ్ల కంటికీ హాయి. హైడ్రోజన్ రెండు పాళ్లు, ఆక్సిజన్ ఒక పాలు వస్తాయని కింద వాక్యంలో ఎలాగూ రాస్తారు. బొమ్మ ఒకటి చెప్పి, వాక్యం ఇంకొకటి చెబుతోందని ఏ పిల్లాడూ పట్టుకోడు. బొమ్మను సోమవారం, వాక్యాన్ని గురువారం బట్టీ పడతాడు కాబట్టి ఆ రెండూ ఎదురుపడే అవకాశమే లేదు.

వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు లేచి, "నీళ్లలో హైడ్రోజన్ రెండు అని ఎవరు లెక్కపెట్టారు సార్?" అంటాడు. "అది ఫార్ములారా, కూర్చో" అనండి. 1800లో వోల్టా కొత్త బ్యాటరీ కబురు అందిన కొద్ది వారాలకే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు దాని తీగలు నీళ్లలో పెట్టి చూశారని, ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు ఆక్సిజన్ వచ్చాయని చెప్పారో, అయిపోయారు. కార్లైల్ రసాయన శాస్త్రవేత్త కూడా కాదు, సర్జను. ఆ మాట వింటే పిల్లలకు మనమూ చేసి చూడొచ్చు కదా అన్న దుర్బుద్ధి పుడుతుంది. అన్నట్టు, మట్టాలు సమానంగా గీయించడానికి మీకు ఒక పెద్ద దిక్కు కూడా ఉంది. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ నీళ్లలో హైడ్రోజన్ ఒకటే, ఆక్సిజన్ ఒకటే అనుకున్నాడు. వాయువుల ఘనపరిమాణాలు రెండుకు ఒకటిగా కనబడుతున్నా ఆయన ఒప్పుకోలేదు. అంత పెద్దాయన చూసి కూడా నమ్మనిదాన్ని మీ పిల్లలు చూడకుండా నమ్ముతున్నారంటే మన విద్యావిధానం ఎంత ముందుకు పోయిందో అర్థం చేసుకోండి.

రికార్డు సంగతి మరీ తేలిక. పోయినేటి పిల్లల రికార్డు ఒకటి దాచిపెట్టుకోండి. అందులో హైడ్రోజన్ 20 మిల్లీలీటర్లు, ఆక్సిజన్ 10 మిల్లీలీటర్లు అని ఉంటుంది. తరగతిలో ఎంతమంది ఉంటే అన్ని రికార్డుల్లోనూ అవే అంకెలు ఉండాలి. ఒకడు 18 అని, 7 అని రాసుకొచ్చాడనుకోండి, వాడి మీద ఓ కన్నేయండి. వాడు నిజంగానే ప్రయోగం చేసి ఉంటాడు. ఆక్సిజన్ నీళ్లలో హైడ్రోజన్ కన్నా కాస్త ఎక్కువ కరుగుతుంది. పైగా కార్బన్ కడ్డీ వాడితే వచ్చిన ఆక్సిజన్‌లో కొంత ఆ కడ్డీనే తినేసి కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. అందుకే చేతులారా చేసినవాడికి ఆక్సిజన్ కాస్త తక్కువే దొరుకుతుంది. లెక్క ఎందుకు తగ్గిందని వాడు ఆలోచించడం మొదలుపెట్టకముందే ఎర్ర సిరాతో 20, 10 అని దిద్దేయండి. ఇక హైడ్రోజన్ దగ్గరికి వెలిగే పుల్ల తెస్తే "టప్" మంటుందన్న పరీక్ష ఉంది. అందరి చేతా ఒకేసారి "టప్" అనిపించండి. అగ్గిపెట్టె ఖర్చు ఉండదు.

ప్రయోగం చేయిద్దామని మీ తోటి టీచరు ఎవరైనా పట్టుబడితే భద్రత అనే బ్రహ్మాస్త్రం తీయండి. గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు, తడి చేతులతో ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం, ఏ పిల్లాడూ ఏ ప్రయోగానికీ దాని జోలికి పోకూడదు. ఈ నిజాన్ని పట్టుకుని 9 వోల్టుల బొమ్మ బ్యాటరీకి కూడా అదే భయం అంటగట్టండి. రెంటినీ కరెంటు అనే అంటారు కాబట్టి పేరెంట్స్ మీటింగులో ఒక్కరూ నోరెత్తరు. ల్యాబు బీరువాలో హాఫ్‌మన్ వోల్టామీటరు అనే గాజు పరికరం ఉంటే దాని మీద దుమ్ము తుడిపించి ఇన్‌స్పెక్షను రోజున బయట పెట్టండి. తాళంచెవి మాత్రం హెడ్మాస్టరు గారి దగ్గరే ఉండాలి.

నీళ్లలో రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎందుకు వేయాలని అడుగుతారు. "పుస్తకంలో ఉంది కాబట్టి" అనండి. స్వచ్ఛమైన నీళ్లలో అయాన్లు బహు తక్కువని, కరెంటును మోసుకుపోయే కూలీలు లేనిదే బ్యాటరీ ఉన్నా లేనట్టేనని చెబితే ఆ తర్వాతి ప్రశ్న తప్పదు: "అయితే ఆమ్లం బదులు ఉప్పు వేస్తే సార్?" ఇక్కడే జాగ్రత్త పడాలి. ఉప్పు వేస్తే ప్లస్ వైపు ఆక్సిజన్ బదులు క్లోరిన్ వస్తుంది. బ్లీచింగ్ పౌడరు వాసన కొడుతుంది, మూసిన గదిలో పీల్చితే ఊపిరితిత్తులకు హాని. మైనస్ వైపు హైడ్రోజన్ వస్తుంది, నీళ్లలో కాస్టిక్ సోడా మిగులుతుంది. పరిశ్రమల్లో కాస్టిక్ సోడా చేసేదీ ఇలాగే. అదే బ్యాటరీ, అవే కడ్డీలు, నీళ్లలో ఏముందో మారితే కడ్డీల దగ్గర పుట్టేదీ మారిపోతుందన్నది ఈ పాఠం మొత్తానికి ఆయువుపట్టు. అందుకే ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకూడదు. ఇది తెలిసిన పిల్లాడు చూడని ప్రశ్నకు కూడా జవాబు ఊహించగలడు. ఊహించి రాసినవాడి జవాబు గైడులో ఉన్నట్టు ఉండదు, దిద్దేటప్పుడు మనం చదవాల్సి వస్తుంది.

ఉప్పునీళ్లలో కరెంటు పంపితే సోడియం లోహం వస్తుందని నేర్పండి. ఉప్పు అంటే సోడియం క్లోరైడ్, విడగొడితే సోడియం, క్లోరిన్. వినగానే ఎంత న్యాయంగా ఉంది! నీళ్లు తగిలితే చాలు భగ్గుమనే సోడియం ఆ నీళ్లలోనే కూర్చుని ఎలా పేరుకుంటుందని ఎవరూ అడగరు. నిజానికి మైనస్ కడ్డీ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకోవడానికి సోడియం అయాన్‌కూ నీటికీ పోటీ. అందులో నీరే గెలుస్తుంది. సోడియం కావాలంటే నీళ్లు లేకుండా ఉప్పునే కరిగించాలి, దానికి 801 డిగ్రీల వేడి కావాలి. 1807లో హంఫ్రీ డేవీ పొటాషియాన్ని, ఆ వెంటనే సోడియాన్ని రాబట్టింది కూడా కరిగించిన క్షారాల నుంచే. పొటాషియం బొట్లు మొదటిసారి మంటై లేచినప్పుడు ఆయన గదిలో గంతులు వేశాడని చెబుతారు. ఇలాంటి కథలు క్లాసులో వద్దు. గంతులు వేసేవాళ్లు స్టడీ అవర్‌కు పనికిరారు.

ఆనోడు, కాథోడు గురించి ఒక్క సూత్రం చాలు: ఆనోడు ప్లస్, కాథోడు మైనస్. బోర్డు మీద రాసి, చుట్టూ డబ్బా కొట్టండి. ఏ ఘటంలోనైనా ఆక్సీకరణం జరిగేది ఆనోడు దగ్గర, క్షయకరణం జరిగేది కాథోడు దగ్గర అన్న అసలు నియమం చెప్పారంటే, టార్చిలో వేసే బ్యాటరీలో ఆనోడు మైనస్ అవుతుందన్న గొడవ కూడా చెప్పాలి. ఇంటర్‌లో లెక్చరరు ఆ మాట చెప్పినప్పుడు మీ పిల్లలు తెల్లమొహం వేస్తే, అది లెక్చరరు గారి బాధ.

ఇప్పుడు మైలుతుత్తం. పిల్లల్లో సగం మంది ఇళ్లలో, సున్నంతో కలిపి తోటల్లో కొట్టడానికి తెచ్చిన పొట్లం ఏ అటక మీదో ఉండే ఉంటుంది. కాపర్ సల్ఫేట్ అంటే అదేనని మాత్రం చెప్పకండి. ఆ ద్రావణంలో కరెంటు పంపితే నీలి రంగు పోతుంది, కాథోడు మీద రాగి పూత పడుతుంది అని ఒకే వాక్యం ఇచ్చేయండి. ఏ కడ్డీలు వాడితే అన్న మాట ఎత్తవద్దు. కార్బన్ కడ్డీలు పెడితే రంగు పోయేది నిజమే. ఆనోడు దగ్గర ఆక్సిజన్ బుడగలు వస్తాయి, చివరికి గిన్నెలో మిగిలేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. రాగి కడ్డీలు పెడితే రంగు చెక్కుచెదరదు. ఆనోడు నుంచి ఎంత రాగి కరుగుతుందో కాథోడుకు అంతే రాగి అంటుకుంటుంది, ఒకటి సన్నబడుతూ ఉంటే ఇంకొకటి లావెక్కుతుంది. ముతక రాగిని శుద్ధి చేసే కార్ఖానాలన్నీ దీని మీదే నడుస్తాయి. కరగకుండా అడుగున పేరుకున్న బురదలో వెండి, బంగారం కూడా దొరుకుతాయి. "బురదలో బంగారం" అంటే క్లాసంతా నిద్ర లేస్తుంది. మూడో పీరియడులో క్లాసు నిద్ర లేవడం ఎవరికీ మంచిది కాదు.

చూపించి తీరాలని హెడ్మాస్టరు గారు పట్టుబడితే ఒక చవక ఉపాయం ఉంది. ఇనుప మేకును మైలుతుత్తం నీళ్లలో ముంచి పెట్టండి. కాసేపటికి ఎర్రగా రాగి అంటుకుంటుంది, బ్యాటరీతో పనే లేదు. అది ఇనుము రాగిని తోసేసి తను ద్రావణంలోకి దిగిపోయే స్థానభ్రంశ చర్య, రుద్దితే ఊడివస్తుంది. దాన్నే ఎలక్ట్రోప్లేటింగ్ అని చెప్పి చప్పట్లు కొట్టించండి. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేసేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్తానని సరదా పడకండి. అక్కడ ఏ కుర్రాడో వచ్చి, పూత ఎంత మందం పడాలో కరెంటునీ గడియారాన్నీ చూసి చెప్పేస్తాడు. వాడు చదివింది ఎనిమిదో తరగతి అయితే మన పరువు ఏం కావాలి?

మీది ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూలైతే ఫారడే నియమాలు కూడా చెప్పాల్సి వస్తుంది. భయపడకండి. 96,500 అనే సంఖ్యను హాల్‌టికెట్ నంబరులా గుర్తుపెట్టుకోమనండి. ఒక మోల్ ఎలక్ట్రాన్లు మోసే ఆవేశం అంత అని, రాగి అయాన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టే రెండుతో భాగిస్తున్నామని వివరించారంటే లెక్కలో ఇక మర్మం ఏముంటుంది? సూత్రం రాయించి, అంకెలు పెట్టించి, గుణించమనండి. కాలాన్ని సెకండ్లలోకి మార్చాలన్నది పరీక్షకు ముందురోజు చెప్పవచ్చు. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పోతే రాగి సుమారు 1.2 గ్రాములు, వెండి సుమారు 4 గ్రాములు, అల్యూమినియం గ్రాములో మూడో వంతు వస్తాయి. ఈ అంచనా పిల్లల చేతికి ఇస్తే, సెకండ్లు మరిచి నిమిషాల దగ్గరే ఆగినవాడికి జవాబు 20 మిల్లీగ్రాములు వచ్చినప్పుడు వాడే నాలుక కరుచుకుని దిద్దుకుంటాడు. అంచనా లేకపోతే 20 మిల్లీగ్రాములైనా 71 గ్రాములైనా ఒకే ధీమాతో గడి కట్టేస్తాడు. మనకు కావలసింది ధీమాయే.

అల్యూమినియం గురించి బిట్లు చాలు. 1886, హాల్, హెరౌల్ట్, క్రయోలైట్. ఒకరు అమెరికాలో, ఒకరు ఫ్రాన్సులో, ఒకరినొకరు ఎరగకుండా ఒకే ఏడు ఒకే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టి 1914లో పోయారు. 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగని అల్యూమినా, కరిగించిన క్రయోలైట్‌లో వేస్తే 950 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఈ ఒక్క కిటుకు కనబడేదాకా అల్యూమినియం మామూలు జనం ముఖం చూసింది లేదు. మీరు మాత్రం "క్రయోలైట్ పాత్ర: ద్రవీభవన స్థానాన్ని తగ్గించుట" అని రాయించి ముందుకు పొండి. కిలో అల్యూమినియానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలని, అందుకే ఒడిశా దమన్‌జోడిలో బాక్సైటు నుంచి తీసిన అల్యూమినాను సొంత కరెంటు ఉన్న అంగుల్‌కు తీసుకెళ్లి లోహంగా మారుస్తారని చెబితే, పిల్లలు సాయంత్రం ఇంటికెళ్లి అన్నం గిన్నెను తిప్పి తిప్పి చూస్తారు. అనవసరం.

అలాగే అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ చేయబోయేదానికి మూలం మీ బొమ్మలో ఉన్నదే: నీళ్లు, కరెంటు, రెండు ధ్రువాలు. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీళ్లు, 50 యూనిట్లకు పైగా కరెంటు. సిలబస్‌లో లేదు కాబట్టి వదిలేయండి. నీళ్లతో నడిచే కారు వీడియో మీ స్టాఫ్ గ్రూపులో ఎవరైనా పెడితే మాత్రం ఓ దండం పెట్టి నాలుగు గ్రూపులకు పంపండి. 18 గ్రాముల నీటిని విడగొట్టడానికి కనీసం 286 కిలోజౌళ్లు పెట్టాలి, వచ్చిన వాయువుల్ని కాలిస్తే తిరిగి వచ్చేవీ ఆ 286 కిలోజౌళ్లే అని లెక్క చెప్పి, నలుగురి ఉత్సాహం మీద నీళ్లు పోయకండి.

ఇంతవరకు చెప్పింది తరగతి గది సంగతి. ఈ పద్ధతి ఫలితం చూడాలంటే ఇళ్లకు వెళ్లాలి. వాటర్ ప్యూరిఫయర్ అమ్మే కుర్రాడు టై కట్టుకుని వస్తాడు. రెండు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ఆర్వో నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలోనూ దించి ప్లగ్గు పెడతాడు. నిమిషం గడిచేసరికి కుళాయి నీళ్లు ముందు పచ్చగా, తర్వాత తుప్పు రంగులోకి తిరిగి, పైన మురికి నురగ తేలుతుంది. ఆర్వో నీళ్లు అలాగే ఉంటాయి. "మీ పిల్లలు తాగుతున్నది ఇదీ మేడం" అంటాడు. ఇల్లాలు గుండె పట్టుకుంటుంది. ఇంటాయన చెక్కు పుస్తకం పట్టుకుంటాడు.

ఆ మురికి నీళ్లలోది కాదు, కడ్డీలది. ఇనుప కడ్డీ ఆనోడైనప్పుడు ఇనుమే కరిగి అయాన్లై, హైడ్రాక్సైడై, తుప్పు రంగు తేలుతుంది. కుళాయి నీళ్లలో మామూలుగా ఉండే లవణాలు కరెంటును మోశాయి కాబట్టి కడ్డీ కరిగింది. ఆర్వో నీళ్లలో లవణాలు పెద్దగా లేవు కాబట్టి కరెంటు పెద్దగా పోలేదు, కడ్డీ కరగలేదు. మైలుతుత్తంలో రాగి కడ్డీ సన్నబడడం ఒక్కసారి కళ్లారా చూసినవాడికి ఇది వెంటనే తడుతుంది. ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు దించమంటే ఆ నీళ్లూ అంతే మురికిగా తయారవుతాయి. నల్గొండ బాధపడ్డ ఫ్లోరైడు లాంటి నిజమైన విషం నీళ్లలో ఉందో లేదో ఈ కడ్డీలు చెప్పలేవు. రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల సంగతీ చెప్పలేవు. ఆర్వో యంత్రం అవసరమైన ఊళ్లు లేవని కాదు, అవసరమా కాదా అన్నది నీళ్ల పరీక్ష తేలుస్తుంది, ఈ గారడీ తేల్చదు.

కాబట్టి మాస్టారూ, ఆ డెమో మీ ఇంట్లోనే జరిగితే మీరు చేయాల్సింది ఒక్కటే: అబ్బురపడండి. పక్కింటి పదో తరగతి పిల్ల వచ్చి "అంకుల్, ఆ గ్లాసులో కాస్త ఉప్పు వేసి చూద్దామా?" అంటే, "పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకెందుకమ్మా" అని పంపేయండి. ఆ పిల్ల ఏ స్కూలో కనుక్కోండి. అక్కడ ఎవరో సైన్సు టీచరు గ్లాసు తడిపేస్తున్నారు.

ఎలా తడుపుతున్నారో కూడా మీకు తెలిసి ఉండటం మంచిది, నిఘా పెట్టడానికి. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, రెండు తీగ ముక్కలు, రెండు వైపులా చెక్కిన పెన్సిళ్లు రెండు, గ్లాసుడు నీళ్లు, అందులో చెంచాడు తినే సోడా. ఉప్పు కాదు సుమా, తినే సోడా, క్లోరిన్ బెడద ఉండదు. కిటికీ పక్కన పెట్టి తీగలు తగిలిస్తే పెన్సిలు మొనల దగ్గర బుడగలు మొదలవుతాయి. ఒక మొన దగ్గర ఎక్కువ, ఇంకో మొన దగ్గర తక్కువ. ఏ వైపు ఎక్కువో, ఎందుకో పిల్లలు వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. పీరియడు బెల్లు కొట్టినా లేవరు.

మీకు అంత కష్టం రాదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్షే. బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటారు గానీ, గ్లాసు తెచ్చి బుడగలు చూపించమనరు.